పెన్‌డ్రైవునుండి మేలుకొనని లాప్‌టాప్

లాప్‌టాప్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్ చెడిపోయినప్పుడుగాని, దానిని తీసి మరియొకదానిని ఎక్కింపవలసినప్పుడుగాని, యంత్రమును పెన్‌డ్రైవునుండి నడపవలసి వచ్చును. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్టు సంస్థ సాధారణ మద్దతు ముగిసినది. విండోస్ 11 కోరు భద్రతా చిప్పు లేని పాత యంత్రములు మన విద్యార్థుల చేతులలో ఇంకను ఉన్నవి. లినక్స్ వంటి ఉచిత వ్యవస్థను ఎక్కించినచో అవి మరికొన్ని ఏండ్లు చక్కగా పనిచేయగలవు. కాని తీరా పెన్‌డ్రైవు గ్రుచ్చి మీట నొక్కగా, యంత్రము దానిని చూడనట్లే పాత విండోస్‌ను తెరచును. లేదా నల్లని తెరపై ఒక ఇంగ్లీషు వాక్యము చూపి ఊరకుండును. పెన్‌డ్రైవు చెడిపోయినదని తలచి పలువురు దానిని పారవేయుదురు. పాపము, దోషము చాలవరకు దానిది కాదు.

మీట నొక్కిన క్షణమున ప్రాసెసరుకు ఏమియు తెలియదు. డిస్కును చదువు విధానము తెలిసిన ప్రోగ్రాము డిస్కులోనే ఉన్నది. పెట్టె తాళపుచెవి పెట్టెలోనే ఉండిపోయినట్లు! ఈ చిక్కు తీర్చుటకే మదర్‌బోర్డుపై ఒక చిన్న ఫ్లాష్ చిప్పులో ఫర్మ్‌వేర్ అను ప్రోగ్రామును తయారీలోనే వ్రాసి ఉంచుదురు. ప్రాసెసరు మొదట దానిని చదువును. అది కీబోర్డును, తెరను, డిస్కులను పలకరించి, ఆపరేటింగ్ సిస్టమ్ ఎచ్చట ఉన్నదో వెదకును. ఈ వెదకు తీరులోనే అసలు కీలకమున్నది.

1981లో వెలువడిన ఐ.బి.ఎం. పి.సి.లోని ఫర్మ్‌వేరుకు బయాస్ అని పేరు. దాని పద్ధతి మోటైనది. డిస్కులోని మొట్టమొదటి 512 బైట్లను చదివి, చివరి రెండు బైట్లలో ఒక నిర్ణీతమైన గుర్తు ఉన్నదా అని చూచును. గుర్తున్నచో అందలి ఆజ్ఞలను మారుమాటాడక అమలు జరుపును. దాని స్థానమున నేడు వాడుకలో ఉన్నది యు.ఇ.ఎఫ్.ఐ. దీని పునాదులను 1990 దశకమున ఇంటెల్ సంస్థ వేసినది. 2005 నుండి పలు సంస్థల కూటమి దీనిని పెంపొందించుచున్నది. ఇది ఆ 512 బైట్లలోని ఆజ్ఞలను నమ్ముకొనదు. దీనికి ఫాట్ అను ఫైళ్ల అమరిక చదువుట వచ్చును. పెన్‌డ్రైవులో ఇ.ఎఫ్.ఐ. అను ఫోల్డరు, దానిలో బూట్ అను ఫోల్డరు, దానిలో యంత్రపు జాతికి తగిన నిర్ణీతమైన పేరుగల ఫైలు ఉన్నవా అని చూచును. లేనిచో ఆ పెన్‌డ్రైవు దానికి లేనట్లే. కనుక బయాస్ పద్ధతికే సిద్ధపరచిన పెన్‌డ్రైవు, కంప్యూటరులో ఫైళ్లు చక్కగా చూపుచున్నను, కొత్త లాప్‌టాప్‌లో మేలుకొనదు. పాత పద్ధతిని అనుకరించు ఏర్పాటు పూర్వము చాల యంత్రములలో ఉండెడిది. కొత్తవానిలో పలువురు తయారీదారులు దానిని తీసివేసినారు.

మొదట వేసికొనవలసిన ప్రశ్న ఒకటే: బూట్ మెనూలో పెన్‌డ్రైవు పేరు కనబడుచున్నదా? ఆ మెనూను తెరచు మీట తయారీనిబట్టి మారును. డెల్, లెనోవోలలో సాధారణముగా ఎఫ్12, హెచ్.పి.లో ఎఫ్9. విండోస్ 8 నుండి మరియొక తిరకాసు కలదు. ఫాస్ట్ స్టార్టప్ అను ఏర్పాటు ఉన్నచో షట్‌డౌన్ చేసినను విండోస్ పూర్తిగా ముగియదు. సగము నిద్రలో ఉండును. కనుక షట్‌డౌన్‌కు బదులు రీస్టార్ట్ చేసి మీట నొక్కుట మేలు.

పేరు కనబడనిచో మరియొక పోర్టులో పెట్టి చూడుడు. హబ్ ద్వారా కాక సూటిగా పెట్టవలెను. తరువాత అదే పెన్‌డ్రైవును మరియొక కంప్యూటరులో పరీక్షింపుడు. అచ్చట మేలుకొన్నచో మీ లాప్‌టాప్ సెట్టింగులను, ఎచ్చటను మేలుకొననిచో పెన్‌డ్రైవు తయారీని అనుమానింపవలెను. ఐ.ఎస్.ఓ. ఫైలును అట్లే పెన్‌డ్రైవులోనికి కాపీచేయుట తరచు జరుగు పొరపాటు. అది బియ్యపు బస్తాను కుట్టు విప్పకుండ పొయ్యిమీద పెట్టుట వంటిది. రూఫస్ వంటి ప్రోగ్రాముతో దానిని విప్పి వ్రాయవలెను. విండోస్ విషయమున వేరొక అడ్డు కలదు: ఫాట్32 అమరికలో ఒక్క ఫైలు 4 గిగాబైట్లకు చేరరాదు, విండోస్ ఐ.ఎస్.ఓ.లోని ప్రధానమైన ఫైలు తరచు అంతకు మించును. ఎన్.టి.ఎఫ్.ఎస్. అమరికలో పెట్టుదమన్న, దానిని చదువలేని ఫర్మ్‌వేరులు అనేకము. రూఫస్ పెన్‌డ్రైవు చివర ఒక చిన్న ఫాట్ భాగమును చేర్చి ఈ చిక్కును దాటించును.

పేరు కనబడి, ఎన్నుకొన్న పిమ్మట నిరాకరించినచో, కారణము తరచు సెక్యూర్ బూట్. 2012లో విండోస్ 8తో వ్యాప్తిలోనికి వచ్చిన ఈ కాపలా, గుర్తింపుపొందిన డిజిటల్ సంతకము లేని ప్రోగ్రామును నడువనీయదు. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ నవీకరణ తరువాత, కొన్ని యంత్రములలో అంతవరకు పనిచేసిన లినక్స్ పెన్‌డ్రైవులే నిరాకరింపబడినవి. వానిలోని పాత బూట్ ప్రోగ్రామును రద్దు జాబితాలో చేర్చుటయే కారణము. సెక్యూర్ బూట్‌ను తీసివేయుడని అందరును సలహా ఇత్తురు. నా మతమున ముందుగా ఆ లినక్స్ యొక్క సరికొత్త ప్రతిని వ్రాసి చూచుట మంచిది.

ఏలయన సెక్యూర్ బూట్‌ను ముట్టుకొన్నచో, బిట్‌లాకర్‌తో గూఢలిపిలో ఉంచిన డిస్కుగల యంత్రము మరల విండోస్ తెరచునప్పుడు 48 అంకెల తాళపు సంఖ్యను అడుగవచ్చును. కొత్త లాప్‌టాప్‌లు పలువాటిలో ఈ రక్షణ యజమాని ఎరుగకుండగనే అమలులో ఉండును. ఆ సంఖ్య సాధారణముగా మైక్రోసాఫ్టు ఖాతాలో భద్రమై ఉండును. ఆ ఖాతా ఏదో, దాని సంకేతపదము ఏదో మరచినవారి గతి ఏమి? సంఖ్య దొరకనిచో ప్రాజెక్టు రిపోర్టులు, పెండ్లి ఫొటోలు అన్నియు పోయినట్లే. మరమ్మతు దుకాణమువారు తెరచి ఇయ్యలేరు. కాబట్టి సెట్టింగులలో వ్రేలు పెట్టకముందే ఆ సంఖ్యను కాగితముపై వ్రాసికొని, ముఖ్యమైన ఫైళ్లను వేరొక డిస్కులోనికి కాపీ చేసికొనవలెను.

ఇక మేలుకొని, నడుమ ఆగిపోవునవి కొన్ని. డౌన్‌లోడ్ చేసిన ఐ.ఎస్.ఓ. అసంపూర్ణమై ఉండవచ్చును. దాని ఎస్.హెచ్.ఎ.-256 సంఖ్యను లెక్కించి, ప్రచురించినవారు ఇచ్చిన సంఖ్యతో పోల్చుడు. ఒక్క అక్షరము తేడా ఉన్నను మరల దింపుకొనవలెను. సంఖ్యలు సరిపోయి, కొత్తగా వ్రాసినను అన్ని కంప్యూటర్లలోను అట్లే ఆగుచున్నచో, అప్పుడు మాత్రమే పెన్‌డ్రైవును మార్చి చూడుడు.