చెరిపితే చెరగని మందుల లెక్క!

మందుల ఫ్యాక్టరీలో పాళ్లు కలపడం నుంచి పరీక్షల వరకూ ఇప్పుడు అన్నీ కంప్యూటర్ల కనుసన్నల్లోనే. మరి ఆ కంప్యూటర్‌ చెప్పేది నిజమేనని పూచీ ఎవరు?

500 మిల్లీగ్రాముల పారాసెటమాల్‌ మాత్ర. అందులో మందు నిజంగా అంత ఉందో లేదో కొనేవాళ్లకు తెలియదు, అమ్మేవాళ్లకూ తెలియదు. ఇండియన్‌ ఫార్మకోపియా ప్రకారం సగటున 475కి తగ్గకూడదు, 525కి మించకూడదు. ఆ లెక్క తేల్చాల్సింది ఫ్యాక్టరీలోని ప్రయోగశాల. అక్కడ ఇలాంటి పరీక్షలకు ఎక్కువగా వాడే యంత్రం హెచ్‌పీఎల్‌సీ. మాత్రను పొడిచేసి, కరిగించి, ఆ ద్రావణాన్ని కాస్త ఎక్కిస్తే చాలు. అందులోని పదార్థాలను విడదీసి తెరమీద కొండ శిఖరాల్లాంటి గీతలు గీస్తుంది. శిఖరం కింద ఉన్న వైశాల్యాన్ని బట్టి మందు ఎంతుందో కంప్యూటర్‌ లెక్కగడుతుంది.

చిక్కంతా ఇక్కడే. శిఖరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చూపే గీతను మౌస్‌తో కాస్త జరిపితే అంకె మారిపోతుంది. తప్పిన ఫలితాన్ని తీసేసి, మళ్లీ పరీక్షచేసి, నెగ్గినదాన్నే ప్రింటు తీసి ఫైల్లో పెట్టేయొచ్చు. పుస్తకంలో కొట్టేస్తే ఆ మచ్చ కనిపిస్తుంది. కంప్యూటర్లో డిలీట్‌ నొక్కితే..?

ఎవరు మార్చారు... ఎందుకు?

ఆ ప్రశ్నకు జవాబుగానే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లో ఓ నిబంధన తెచ్చింది. పేరు ‘21 సీఎఫ్‌ఆర్‌ పార్ట్‌ 11’. ఆ ఏడాది ఆగస్టు 20న అమల్లోకి వచ్చింది. కంప్యూటర్‌ రికార్డు కాగితంతో సమానం, ఎలక్ట్రానిక్‌ సంతకం చేతి సంతకంతో సమానం అన్నది దాని సారాంశం. అయితే షరతులున్నాయి. ఎవరి సంతకం వాళ్లదే, మరొకరికి ఇవ్వకూడదు. ఏ రికార్డును ఎవరు, ఎప్పుడు మార్చారో కంప్యూటర్‌ తనంతట తానే రాసుకోవాలి. దీన్నే ‘ఆడిట్‌ ట్రయల్‌’ అంటారు. కొత్త విలువ చేర్చినా పాతది చెరిగిపోకూడదు. 2011 జూన్‌ 30 నుంచి అమల్లోకి వచ్చిన ఐరోపా నిబంధన ‘అనెక్స్‌ 11’ మరో అడుగు ముందుకేసి, ఎందుకు మార్చారో కారణమూ రాయాలంది.

ఏడాది తిరక్కుండానే...

ఈ షరతుల విలువ ఏంటో అమెరికాలోని న్యూజెర్సీకి చెందిన ఏబుల్‌ ల్యాబ్స్‌ కథ చెబుతుంది. అక్కడ తనిఖీలు జరిగాయి, కాగితాలన్నీ సవ్యంగానే కనిపించాయి. కానీ 2005లో కాగితాన్నీ కంప్యూటర్లోని అసలు డేటానూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ కలవలేదు. తప్పిన పరీక్షలు నెగ్గినట్టుగా మారిపోయాయి. ఆ మేలో కంపెనీ తయారీ ఆపేసి, మార్కెట్లోని తన మందులన్నీ వెనక్కి రప్పించింది. జులైలో దివాలా పిటిషన్‌ వేసింది. 2007లో మాజీ ఉద్యోగులు కొందరు కోర్టులో నేరం ఒప్పుకున్నారు. ఆ తర్వాత తనిఖీల తీరే మారింది. ఫైలు కన్నా ముందు కంప్యూటర్‌ తెరవమనడం మొదలైంది.

కంప్యూటర్‌కూ పరీక్షలే!

అందుకే మందుల కంపెనీలో కంప్యూటర్‌ను కొనగానే వాడేయడం కుదరదు. ముందు దానితో ఏ పని కావాలో రాసుకోవాలి. తర్వాత సరిగ్గా అమర్చారా, చెప్పినట్టు నడుస్తోందా, రోజువారీ పనిలోనూ అలాగే నడుస్తోందా అని వరసగా పరీక్షించాలి. దీనికే ‘వ్యాలిడేషన్‌’ అని పేరు. తప్పు పాస్‌వర్డ్‌ కొడితే తలుపు మూసుకోవాలి. గడియారాన్ని వెనక్కి తిప్పే వీలు పరీక్షలుచేసే ఉద్యోగికి ఉండకూడదు. బ్యాకప్‌ తీస్తే చాలదు, అందులోంచి డేటా తిరిగి వస్తుందో లేదో చూడాలి.

అలాగని అన్నిటికీ ఒకే కొలత పెట్టక్కర్లేదు. తొలి రోజుల్లో భయపడి అక్కర్లేని చోటా కట్టలకొద్దీ కాగితాలు రాసినవారున్నారు. దాంతో 2003లో ఎఫ్‌డీఏ వివరణ ఇచ్చింది. రోగికి ముప్పు ఎక్కువున్న చోట గట్టి పరీక్ష, లేనిచోట తేలిక పరీక్ష... ఇప్పుడు అనుసరిస్తున్నది ఈ సూత్రాన్నే.

మన ముంగిట్లో...

1960ల్లో బాలానగర్‌లో ఐడీపీఎల్‌తో ఊపందుకున్న మందుల పరిశ్రమ జీడిమెట్ల, పాశమైలారం మీదుగా విశాఖ దగ్గరి పరవాడ, శ్రీకాకుళం జిల్లాలోని పైడిభీమవరం వరకూ విస్తరించింది. ఇక్కడి మందులు అమెరికా, ఐరోపా దాకా వెళ్తాయి. డేటాలో తేడా తేలితే ముందు హెచ్చరిక లేఖ రావొచ్చు. మరీ తీవ్రమైతే ‘ఇంపోర్ట్‌ అలర్ట్‌’. అంటే సరకును రేవులో విప్పి చూడకుండానే ఆపేస్తారు. దెబ్బ యాజమాన్యానికే కాదు, ఆ ప్లాంటు మీద ఆధారపడ్డ కుటుంబాలన్నిటికీ.

ఎగుమతులకే ఈ జాగ్రత్త అనుకోవడానికీ వీల్లేదు. 2023 డిసెంబరులో కేంద్రం సవరించిన ‘షెడ్యూల్‌ ఎం’ ప్రకారం దేశంలో అమ్మే మందుల తయారీలోనూ కంప్యూటర్‌ వ్యవస్థలను వ్యాలిడేట్‌ చేయాల్సిందే.

ఎన్ని నిబంధనలున్నా చివరికి అన్నీ ఓ చిన్న అలవాటు దగ్గరే ఆగుతాయి. రాత్రి షిఫ్టులో పని త్వరగా తెమలాలని పక్కవారి పాస్‌వర్డ్‌తో లాగిన్‌ అయితే, ఆ పరీక్ష ఎవరు చేశారో ఇక ఎవరూ చెప్పలేరు. మాత్ర ఎంత మంచిదైనా అది మంచిదని నిరూపించే దారి అక్కడితో మూసుకుపోతుంది!