నెల తప్పిన రెండు వారాలకే ముగిసే పని

బహిష్టు రావాల్సిన తేదీ దాటి రెండు వారాలవుతుంది. ప్రయాణం బడలికేమో, ఎండల వేడేమో అనుకుంటూ ఇంకా పరీక్ష చేయించుకోని ఆడవాళ్లు చాలామందే ఉంటారు. అప్పటికే కడుపులో బిడ్డ మెదడుకూ వెన్నుపాముకూ మూలమైన గొట్టం మూసుకోవడం అయిపోతుంది. అండం ఫలించిన 28వ రోజుతో ఆ గడువు తీరుతుంది.

ఆ గొట్టాన్ని నాడీనాళం అంటారు. 18వ రోజు ప్రాంతంలో పిండం వీపు వైపు కణాల పొర ఒకటి పలకలా మందం కడుతుంది. తల దగ్గర వెడల్పుగా, కింద సన్నగా ఉండే ఈ పలక నడి ఈనె వెంట మడిచిన తమలపాకులా మధ్యలో పల్లమవుతుంది, రెండంచులూ పైకి లేస్తాయి. ఈ మడత కణాలే వేసుకుంటాయి. కండరాలను బిగించే ఆక్టిన్, మయోసిన్ ప్రోటీన్లే ఇక్కడా కణం పై అంచును బిగించి ఇరుకు చేస్తాయి. పైన ఇరుకు, అడుగున వెడల్పు. పక్కపక్కనున్న కణాలన్నీ ఇలా మారితే పలక వంగక తప్పదు.

అదొక్కటే చాలదు. పక్కల్లోని కణాలు మధ్యకు జరిగి ఒకదాని నడుమ ఒకటి దూరాలి. అప్పుడే పలక సన్నబడి పొడవు సాగుతుంది, అంచులు ఒకదానికొకటి అందుతాయి. ఈ కదలికను నడిపే వాంగ్ల్2 జన్యువు రెండు ప్రతులూ దెబ్బతిన్న ఎలుక పిండాల్లో నాళం మెదడు వెనక భాగం నుంచి వీపు పొడవునా తెరుచుకునే ఉండిపోతుంది.

మనిషి పిండంలో అంచులు 22వ రోజు ప్రాంతంలో మెడ దగ్గర కలుస్తాయి. అక్కణ్నుంచి అతుకు పైకీ కిందికీ సాగుతుంది. తల వైపు రంధ్రం దాదాపు 25వ రోజుకూ, కింది రంధ్రం 28వ రోజుకూ మూతపడతాయి. పైది మూసుకోకపోతే అనెన్‌కెఫలీ: పుర్రె పైభాగం, మెదడులో చాలా భాగం ఉండవు, బిడ్డ దక్కదు. కిందిది మూసుకోకపోతే స్పైనా బైఫిడా. బిడ్డ బతికినా కాళ్లలో పట్టు లేకపోవడం, మూత్రం ఆపుకోలేకపోవడం, తలలో నీరు చేరడం వంటి ఇబ్బందులు రావచ్చు. ఐదో నెలలో టిఫా స్కాన్ చూపించేది ఎప్పుడో మొదట్లోనే జరిగిపోయినదాన్ని.

కణాలు ఇంత వేగంగా పెరగాలంటే డీఎన్‌ఏ తయారీకి ఫోలేట్ అనే విటమిన్ కావాలి. ఈ కథలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలేట్ రూపమైన ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. ఫోలేట్‌కు అడ్డుపడే అమినోప్టెరిన్ కూడా అక్కడే పుట్టింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకు వాడారు. 1950ల మొదట్లో గర్భం తీయించడానికి కూడా ఇచ్చి చూశారు. గర్భం పోకుండా నిలిచినప్పుడు కొన్ని పిండాల తలలు వికృతంగా ఏర్పడ్డాయి. ఫోలేట్ అవసరం ఎంతటిదో దాని విరోధి ద్వారా తెలిసిరావడం ఒక విచిత్రం.

ఫోలిక్ యాసిడ్ నాడీనాళ లోపాలను తగ్గిస్తుందనడానికి గట్టి రుజువుకు 1991 దాకా ఆగాల్సి వచ్చింది. బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ఏడు దేశాల్లో, అంతకుముందు ఈ లోపమున్న బిడ్డను మోసిన 1,817 మంది మహిళలను పరిశీలనకు తీసుకుంది. గర్భానికి ముందు నుంచే రోజూ 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకున్నవారిలో ఈ లోపాలు 72 శాతం తగ్గాయి. తేడా అంత స్పష్టంగా ఉండడంతో ప్రయోగాన్ని అనుకున్నదానికన్నా ముందే ఆపేశారు. 1998 నుంచి అమెరికాలో శుద్ధిచేసిన ధాన్యం పిండిలో ఫోలిక్ యాసిడ్ కలపడం తప్పనిసరి అయింది.

మన దగ్గర గర్భిణులకిచ్చే ఎర్రటి ఐరన్ మాత్రలోనూ 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. కానీ అది మొదలయ్యేది నాలుగో నెలలో. రక్తహీనతకు అది సరైన సమయమే. నాళం మాత్రం అప్పటికి మూసుకుని దాదాపు రెండు నెలలై ఉంటుంది. మొదటి మూడు నెలలకు విడిగా ఫోలిక్ మాత్రలున్నా, గర్భం నమోదయ్యాకే అవి చేతికందుతాయి. బలవర్ధక బియ్యంలో కిలోకు 75 నుంచి 125 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడే ఉంటుంది, దాని మీదే ఆధారపడితే లాభం లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకు 400 మైక్రోగ్రాములు, బిడ్డ కావాలనుకున్న నాటి నుంచి పన్నెండో వారం దాకా. లోపంతో బిడ్డ పుట్టినవారికి డాక్టర్లు దీనికి పదింతలో, ఇంకాస్త ఎక్కువో రాస్తారు. మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వాడుతున్నవారికి ముప్పు మరీ ఎక్కువ. అలాగని మందు సొంతంగా ఆపేయకూడదు. గర్భం కోసం ప్రయత్నించకముందే డాక్టరుతో మాట్లాడి, వీలుంటే వేరే మందుకు మారాలి.