పెద్దసారు

పిల్లవాణ్ణి కొత్త బడిలో చేర్పించాలంటే మనం ముందుగా ఏమేమి అడుగుతాం? ఫీజు ఎంత, బస్సు మన వీధిలోకి వస్తుందా, గదుల్లో ఫాన్లున్నాయా, నిరుడు పదో తరగతిలో ఎందరికి మంచి మార్కులు వచ్చాయి. ఇంతే. ఆ బడికి పెద్ద ఎవరు, ఆయన ఎటువంటి మనిషి అని అడిగేవారు నూటికి ఒక్కరైనా ఉంటారో లేదో! ఇరవై యేళ్లుగా కళాశాలలో తెలుగు పాఠాలు చెబుతున్న నేనే మా అబ్బాయి విషయంలో బస్సు సంగతి తప్ప మరేమీ అడగలేదు. మా ఇంటావిడ ఈ మాట ఇప్పటికీ ఎత్తిపొడుస్తూనే ఉంటుంది.

నాకు కనువిప్పు కలిగించింది మా శంషాబాదులో జరిగిన ఒక చిన్న సంఘటన.

2008 మార్చిలో విమానాశ్రయం వచ్చాక ఈ ప్రాంతం రూపే మారిపోయింది. ఒకప్పుడు చెలకలూ తోటలూ ఉన్నచోట ఇప్పుడు మేడలూ గిడ్డంగులూ లేస్తున్నాయి. ఆ కట్టడాల పనికి ఎక్కడెక్కడి నుంచో కూలి కుటుంబాలు వస్తాయి. పని ఉన్నన్నాళ్లు ఉంటాయి, అయిపోగానే మూట కట్టుకుంటాయి. వాటి వెంట పిల్లలూ తిరుగుతుంటారు.

బడులు తెరిచిన వారంలో మా వీధి చివర ఇల్లు కడుతున్న పాలమూరు కూలి ఆమె నా దగ్గరకు వచ్చింది. పక్కన పదేళ్ల కూతురు. “కాయితం లేకుంటే తీసుకోమంటున్నరు సారూ” అంది. ఊరిబడి నుంచి తేవలసిన టి.సి. తేలేదట. నేనే వెంటబెట్టుకుని ఆ బడికి వెళ్లాను. అక్కడి పెద్దాయన తలెత్తకుండానే “రూల్సు ఒప్పుకోవండీ” అన్నారు. నా డిగ్రీలు అక్కడ పనికిరాలేదు.

మరో బడికి వెళ్లాం. అక్కడి పెద్దసారు గదిలో లేరు. ఎనిమిదో తరగతిలో లెక్కలు చెబుతున్నారు. గంట కొట్టాక బయటికి వచ్చి, నన్ను కాక ముందు ఆ పిల్లను పలకరించారు. “ఏ క్లాసు దాకా చదివినవ్ బిడ్డా?” “నాలుగు.” ఒక పుస్తకం తెరిచి చేతికిచ్చారు. పిల్ల కూడబలుక్కుంటూ నాలుగు వాక్యాలు చదివింది. ఆయన తల్లివైపు తిరిగి, “కాయితం ఎన్కనుంచి వస్తది, పిల్లను ముందుగాల లోపలికి రానియ్యి” అన్నారు.

ఆయన దయతలచి నిబంధన సడలించారేమో అనుకున్నాను. తరువాత తెలిసింది, ఆయన చేసినదే నిబంధన అని! 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు టి.సి. ఆలస్యమైందన్న కారణంతో ప్రవేశం ఆపరాదు. వయసు ధ్రువపత్రం లేకపోయినా కాదనరాదు. మొదటి బడి పెద్దాయనకూ ఇదే చట్టం, రెండో ఆయనకూ ఇదే చట్టం. ఒకరి చేతిలో అది కాగితంగానే ఉండిపోయింది. మరొకరి చేతిలో ఒక పిల్లకు చదువయింది.

ఇలా తలుపు తెరిచే పెద్దలు మన తెలుగునాట కొత్త కాదు. రఘుపతి వెంకటరత్నం నాయుడుగారి పేరు విననివారు అరుదు. 1862లో మచిలీపట్నంలో పుట్టిన ఆయన బాల్యంలో చదువుకున్నది మన హైదరాబాదులోనే. సికింద్రాబాదు మహబూబు కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసి, 1904లో కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలకు వెళ్లి, పదిహేనేళ్లు దానికి పెద్దగా ఉన్నారు. ఆడపిల్ల గడప దాటితేనే వింతగా చూసే ఆ రోజుల్లో కళాశాల తలుపులు ఆడపిల్లలకు తెరిచారు. సంఘం అంటరానివారని దూరంగా నెట్టిన పిల్లలకు వసతి ఏర్పరచి చదివించారు. తన జీతంలో ఎంతో భాగం పేద విద్యార్థులకే వెచ్చించారు. శీలం గురించి ఉపన్యాసాలు ఇచ్చినవారు ఎందరో ఉన్నారు. ఆయన ధరించే తెల్లని దుస్తుల వలెనే ఆయన నడవడి కూడా మచ్చలేనిదని శిష్యులు నమ్మారు. అందుకే ఆయన మాట వారికి శాసనమైంది. 1925లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులైనా, జనం నోట “కులపతి” అన్న పిలుపు ఆ పదవికి కాదు, ఆ మనిషికి దక్కింది.

అందరూ వెంకటరత్నం నాయుడుగారు కాగలరా అని మీరు అడగవచ్చు. కానక్కరలేదు. కాని మంచి పెద్దసారులో మూడు గుణాలు చూడవచ్చు. ఒకటి, ఆయన పాఠం చెబుతారు. తరగతిలో అడుగుపెట్టని పెద్దకు తోటి ఉపాధ్యాయుల కష్టం తెలియదు. రెండు, పొగడ్త నలుగురిలో, మందలింపు చాటున. పిల్లల ముందు చిన్నబుచ్చిన మేష్టారు ఆ తరగతిలో మళ్లీ తలెత్తుకోలేడు. మూడు, అన్నిటికన్నా ముఖ్యమైనది, వెనుకబడిన పిల్ల పేరు ఆయనకు తెలుసు. మొదటి ర్యాంకు పిల్లవాడి పేరు అందరికీ తెలుస్తుంది. అందులో గొప్పేమీ లేదు.

వారి ఇబ్బందులూ మనం మరువరాదు. మధ్యాహ్న భోజనం లెక్కలు, పై అధికారులకు పంపే నివేదికలు, ఎన్నికల పనులు, జనాభా లెక్కలు అన్నీ నెత్తిన ఉంటాయి. ఇంత బరువు మోస్తూ కూడా గుమ్మంలో నిలబడ్డ పిల్లను చూడగలిగినవారే పెద్దసార్లు.

ఆ పాలమూరు పిల్ల ఆ యేడు ఆ బడిలోనే చదివింది. వేసవిలో ఇంటిపని ముగిసి, తల్లి మరో ఊరికి ప్రయాణమైంది. పెద్దసారు తానే టి.సి. రాయించి తల్లి చేతికిచ్చి, “దీన్ని మాత్రం పారేయకమ్మా” అన్నారట. ఆమె దాన్ని తెచ్చి నాకు చూపించింది. మడత పడకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుంది.

వచ్చే జూనులో మీరు బడి చూడడానికి వెళితే, ఫీజు అడగండి, బస్సు సంగతీ అడగండి. కాని ఉదయం గంట కొట్టే వేళకు ఒక్క పావుగంట గేటు దగ్గర నిలబడండి. పెద్దసారు అక్కడ ఉన్నారా? ఆలస్యంగా వచ్చిన పిల్లను ఏమని పలకరిస్తున్నారు? మీకు కావలసిన జవాబు అక్కడే దొరుకుతుంది.