మీకు తెలుసా? పలక మీది వర్గాలు తలలోనూ ఉన్నాయి!

మార్కాపురం పలక మీద ‘క ఖ గ ఘ ఙ’ దిద్దారా? అయితే మీరు మీ నోటికి పటం గీసేశారు! నమ్మకపోతే మెల్లగా అని చూడండి. ‘క’... నాలుక వెనకభాగం లేచింది. ‘చ’... మధ్యభాగం. ‘ట’... కొన వెనక్కి మడతపడింది! ‘త’... పళ్లకు తగిలింది. ‘ప’... పెదాలు కలిశాయి. గొంతు దగ్గర బయల్దేరి పెదాల దాకా వచ్చేశాం! మొత్తం 25 అక్షరాలు!

మరి మెదడులో? అక్కడా దాదాపు ఇవే జట్లు! చెవికి కాస్త పైన, ముందువైపు ఉంటుంది ఈ జట్లున్న చోటు. మూర్ఛ వ్యాధికి ఆపరేషన్ కోసం మెదడు మీద ఎలక్ట్రోడ్లు పెట్టించుకున్నవాళ్లు అక్షరాలు పలుకుతుంటే, శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు గమనించారు. పెదాల అక్షరాలు ఒక జట్టు! నాలుక కొనవి ఒకటి! నాలుక వెనకవి మరొకటి! ఇది తేలింది 2013లో! మన వర్ణమాల కూర్చినవాళ్లు తలలోకి తొంగిచూడలేదు. నోటిని శ్రద్ధగా గమనించారు, అంతే! నాకు అన్నిటికన్నా ఇదే అబ్బురం.

గిద్దలూరు సంతలో ‘కూర ఎంతన్నా?’ అనండి. ‘కూ’ ఇంకా బయటికి రాకముందే పెదాలు గుండ్రంగా చుట్టుకుంటాయి! ‘కీర ఎంతన్నా?’ అనండి. ఈసారి పెదాలు పక్కలకి సాగాయి! రెండూ ‘క’లే. రాబోయే అచ్చు ఏదో మెదడుకు ముందే తెలుసు! మాట్లాడితే కదిలే కండరాలు దాదాపు 100!

ఇక మనవాడి సంగతి వినండి! గోపాల అనుమంచిపల్లి హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో చదివారు. మెదడు సంకేతాల నుంచి ముందు నాలుక, పెదాల కదలికలు పట్టారు. ఆ కదలికల నుంచి కంప్యూటర్‌తో మాట పుట్టించారు! పరిశోధనలో పాల్గొన్న ఒకరు గొంతు విప్పకుండా ఊరికే నోరు కదిపారు. అయినా మాట పలికింది! 2019లో!

స్ట్రోక్ వచ్చి ఏళ్ల తరబడి మాట లేని ఒక మహిళ. ఆయన ఉన్న బృందం ఆమె మెదడు మీద సన్నటి ఎలక్ట్రోడ్ల పొర అమర్చింది. ఆమె పలకాలని ప్రయత్నిస్తే చాలు, నిమిషానికి 78 మాటలు తెర మీదికి వచ్చాయి!

తెర మీదే కాదు, ఆ మాటలు గొంతుగానూ వినిపించాయి! అందుకు మొదట్లో 8 సెకన్లు పట్టేది. 2025కల్లా సుమారు ఒక్క సెకనే!

ఆ గొంతు ఎవరిదనుకున్నారు? ఆమెదే! తన పెళ్లి వీడియోలో ఆమె మాట్లాడిన మాటల్లోంచి తీసుకున్నారు!