స్పీచ్ థెరపీకి బీమా వర్తిస్తుందా?

నోయిడాలోనో గురుగ్రామ్‌లోనో ఉద్యోగరీత్యా స్థిరపడిన ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోండి. బాబుకు మూడేళ్లు నిండాయి. అమ్మ, తాత, పో - ఇంతకు మించి మాటలు రాలేదు. ఊళ్లో ఉన్న నాయనమ్మ మాత్రం ఫోనులో "వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయిలే, కంగారుపడకండి" అంటుంది. పిల్లల డాక్టరు ముందు వినికిడి పరీక్ష చేయించి, తర్వాత వారానికి మూడు రోజులు స్పీచ్ థెరపీ రాశారు. ఒక్కో సిట్టింగుకు 700 రూపాయలనుకుందాం. నెలకు 8,400. ఏడాది తిరిగేసరికి లక్ష దాటుతుంది. తండ్రి పేర అయిదు లక్షల కుటుంబ ఆరోగ్య బీమా ఉంది. ధీమాగా బిల్లులన్నీ పంపారు. అవి తిరిగి వచ్చాయి. బాబు ఆస్పత్రిలో చేరలేదు గనుక క్లెయిము చెల్లదట.

ఇలాంటి జవాబు రాగానే చాలామంది తల్లిదండ్రులు "మాటలు రాకపోవడం జబ్బే కాదంటున్నారు" అని అర్థం చేసుకుంటారు. కాదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019 సెప్టెంబరులో ఆరోగ్య పాలసీల మినహాయింపులపై మార్గదర్శకాలు ఇచ్చింది. ఏయే సమస్యలను పాలసీ నుంచి తప్పించరాదో అందులో ఒక జాబితా ఉంది. నత్తి, డిస్లెక్సియాలతో సహా వాక్కుకు, భాషకు సంబంధించిన లోపాలు ఆ జాబితాలో పేరు పెట్టి కనిపిస్తాయి. అంటే, ఇక్కడ అడ్డం వచ్చింది సమస్య పేరు కాదు, చికిత్స జరిగిన చోటు.

మన దగ్గర మామూలు ఆరోగ్య పాలసీ ఆస్పత్రి మంచం చుట్టూ అల్లినది. రోగి కనీసం 24 గంటలు ఆస్పత్రిలో ఉండాలి, లేదా డే కేర్ కింద గుర్తించిన శస్త్రచికిత్స వంటిది జరగాలి. స్పీచ్ థెరపీలో మంచం లేదు, సెలైను లేదు. ఒక చిన్న గది, నాలుగు బొమ్మలు, ఒక అద్దం, పిల్లవాడి ఎదురుగా కూర్చుని పెదవుల కదలిక చూపించే థెరపిస్టు. ముప్పావు గంటలో ఇంటికి వచ్చేస్తారు. బీమా భాషలో ఇది ఓపీడీ. 2018లో మొదలై, 2025లో ఢిల్లీకి కూడా వచ్చిన ఆయుష్మాన్ భారత్ అయిదు లక్షల పథకానికీ ఇదే హద్దు.

ఈ హద్దు వెనుక ఒక లెక్క ఉంది. వెయ్యిమంది కొద్దికొద్దిగా వేసిన సొమ్ముతో, ఎవరికి వస్తుందో తెలియని పెద్ద నష్టాన్ని పూడ్చడం బీమా. థెరపీ ఖర్చు అలాంటిది కాదు. వారం వారం తప్పకుండా వస్తుంది, ఎంతో ముందే తెలుస్తుంది. అవసరమున్నవారే ఆ పాలసీ కొంటే ప్రీమియం ఖర్చుతో సమానమైపోతుంది. కంపెనీల వాదన ఇది. లెక్క వరకు తప్పు పట్టలేం. కానీ ఇదే లెక్క ఒక విడ్డూరానికి దారితీస్తుంది. పుట్టు చెవుడున్న బిడ్డకు కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టడం ఆస్పత్రిలో జరిగే పని కాబట్టి పాలసీ లెక్కలోకి రావచ్చు. ఆ యంత్రం వినిపించే శబ్దాన్ని మాటగా గుర్తించడం నేర్పే శిక్షణ మాత్రం రాదు. శిక్షణ లేని ఇంప్లాంట్ వల్ల చప్పుడు వినిపిస్తుంది గాని భాష రాదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ ఈ సంగతి గుర్తించి, ఇంప్లాంట్ తర్వాతి శిక్షణను కూడా పథకంలో చేర్చింది. కేంద్రం వారి అడిప్ పథకంలోనూ అలాగే ఉంది.

మరి మన బాబుకు దారులేమిటి? మొదట మీ ఆఫీసు గ్రూపు పాలసీ తీసి చదవండి. కొన్ని గ్రూపు పాలసీల్లో ఓపీడీ భాగం ఉంటుంది, పాత సమస్యలకు నిరీక్షణ కాలం కూడా ఉండదు. లేకపోతే, ఏటా పాలసీ మళ్లీ రాసుకునే ముందు హెచ్‌ఆర్ వారికి నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిసి ఉత్తరం ఇవ్వండి. ఒక్కరు అడిగితే కోరిక, అయిదుగురు అడిగితే బేరం. సొంతంగా కొత్త పాలసీ కొనేవారు ఒక సంగతి గమనించాలి. ముందే ఉన్న సమస్యకు గరిష్ఠంగా 36 నెలలు ఆగమనవచ్చు. మూడేళ్ల పిల్లవాడికి మూడేళ్ల నిరీక్షణ! మెదడు భాషను చురుకుగా పట్టుకునే కాలమంతా అందులోనే గడిచిపోతుంది. అయినా ఆ విషయం దరఖాస్తులో దాచకండి. తర్వాత వేరే జబ్బుకు పెట్టిన క్లెయిముకు కూడా అదే ముప్పు తెస్తుంది.

పిల్లవాడికి ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం - ఈ నాలుగింటిలో ఏదైనా నిర్ధారణ అయితే, నేషనల్ ట్రస్టు వారి 'నిరామయ' పథకం ఉంది. 1999 నాటి చట్టంతో ఏర్పడిన సంస్థ ఇది. లక్ష రూపాయల వరకు రక్షణ. ముందస్తు వైద్య పరీక్ష లేదు. ఏటా కట్టేది వందల్లోనే, వేలల్లో కాదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆస్పత్రిలో చేరనవసరం లేకుండా థెరపీ ఖర్చు ఇస్తుంది. అయితే లక్ష మొత్తం థెరపీకే రాదు. దానికి విడిగా ఒక పరిమితి ఉంది. పైన వేసిన లెక్కలో కొన్ని నెలలకు మాత్రమే సరిపోతుంది. ముందు మీరు చెల్లించి, తర్వాత బిల్లులు పంపాలి. పాలసీ ఏడాది మార్చి 31తో ముగుస్తుంది, ఆలోగా పొడిగించుకోవడం మరవకండి.

ఉత్త మాటల ఆలస్యమే ఉన్న పిల్లవాడు ఈ నాలుగింటిలోకీ రాడు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 'వాక్కు, భాషా వైకల్యం' అనే పేరు ఉంది గాని, దాని నిర్వచనం స్వరపేటిక తీసివేయడం వల్లనో, నాడీ సంబంధమైన కారణాల వల్లనో వచ్చిన శాశ్వత లోపానికి పరిమితం. ఇలా రెంటికీ చెడిన పిల్లలు ఎక్కువే. వీరి విషయంలో నా సలహా, బీమా కోసం నెలలు పోగొట్టుకోవద్దు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో ఏర్పడిన సత్వర చికిత్సా కేంద్రాలు భాషా ఆలస్యాన్ని కూడా ఉచితంగా చూస్తాయి. నోయిడాలో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. 2021 జూన్‌లో కేంద్రం ప్రారంభించిన 14 సత్వర చికిత్సా కేంద్రాల్లో ఢిల్లీతో పాటు సికింద్రాబాదు, నెల్లూరు ఉన్నాయి. సెలవులకు ఊరు వెళ్లినప్పుడు ఇవి అక్కరకొస్తాయి.

ఏ దారిలో వెళ్లినా కాగితాలే ప్రాణం. డాక్టరు రాసిన చీటీలో సమస్య పేరు, వారానికి ఎన్ని సిట్టింగులు, ఎన్ని నెలలు అన్నది స్పష్టంగా ఉండాలి. థెరపిస్టు రసీదు మీద భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. పరీక్ష రిపోర్టు దగ్గర మన వాళ్లు మరీ జాగ్రత్త పడాలి. ఢిల్లీలో పరీక్ష హిందీలో జరుగుతుంది. ముప్పై తెలుగు మాటలు వచ్చిన పిల్లవాడికి అయిదే వచ్చని రాసేస్తారు. ఇంట్లో పలికే తెలుగు మాటలన్నీ ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి, వాటినీ లెక్కలో చేర్చమనండి. తెలుగు మానేసి హిందీ ఒక్కటే మాట్లాడమని ఎవరైనా అంటే వినకండి. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు.

ఓపీడీ ఉన్న పాలసీలో కూడా క్లెయిము తిరస్కరిస్తే, కారణం రాతపూర్వకంగా అడిగి, కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. ఢిల్లీ, గురుగ్రామ్, ఫరీదాబాద్ వారికి ఢిల్లీ కార్యాలయం. నోయిడా, ఘజియాబాద్ వారికి నోయిడా కార్యాలయం.