పైన పటారం సరే... పైపుల సంగతేంటి?

పాత ఫ్లాటు కొని, బాగుచేయించి, అద్దెకిచ్చి నాలుగు రాళ్లు వెనకేసుకుందామనుకునే మధ్యతరగతి మదుపరుల కోసం...

రిటైర్మెంటు డబ్బు చేతికొచ్చింది. నగరం అంచున లేస్తున్న ముప్పై అంతస్తుల టవర్ వైపు చూస్తే కళ్లు తిరిగే ధర. దాంతో చూపు చిక్కడపల్లి, మల్కాజిగిరి, దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లోని పాత అపార్ట్‌మెంట్ల మీద పడుతుంది. విజయవాడ సూర్యారావుపేటలోనో విశాఖ ద్వారకానగర్‌లోనో అయినా ఇదే వరస. ఉమ్మడి రాష్ట్రంలో అపార్ట్‌మెంట్ల చట్టం వచ్చింది 1987లో. ఆ తర్వాత పదిహేనేళ్లలో కట్టిన భవనాలకు ఇప్పుడు ఇంచుమించు పాతిక నుంచి నలభై ఏళ్లు. చాలావాటికి లిఫ్టు ఉండదు, కారు పెట్టుకోను చోటుండదు. అందుకే ధర తక్కువ. కానీ బడి, బస్టాపు, ఆస్పత్రి, కూరగాయల మార్కెట్టు అన్నీ నడిచెళ్లేంత దగ్గర. అందుకే కిరాయిదారులకు కొదవుండదు.

చిక్కేమిటంటే, రిజిస్ట్రేషన్ అయిన వారానికే చాలామంది ఫాల్స్ సీలింగ్‌కీ మాడ్యులర్ కిచెన్‌కీ బేరాలు మొదలుపెడతారు. డబ్బంతా కంటికి కనిపించేచోటే పోస్తారు. పాత ఇంటిని తినేసేది మాత్రం కంటికి కనిపించని నీరు.

తడి ఉన్నచోటే రోగం

అనుభవమున్న తాపీమేస్త్రి గోడను చూడడు, వింటాడు. సుత్తి పిడితో అక్కడక్కడా తట్టుకుంటూ వెళ్తాడు. గట్టిగా ఖణేల్‌మంటే సరే. డొల్లగా మోగితే ప్లాస్టరింగ్ లోపల ఇటుకను వదిలేసిందని లెక్క. బాత్రూముకు ఆనుకున్న పడగ్గది గోడ మీద మోకాలెత్తు దాకా పెయింటు పొరలుగా లేచి, తెల్లటి ఉప్పుపొడి రాలుతుంటే ఇక తట్టే పని కూడా లేదు. అవతల పైపో టైల్స్ సందో కారుతోంది. దాని మీద లప్పం పెట్టి రెండు కోట్లు రంగేస్తే టులెట్ బోర్డు తగిలించిన రోజుకు తళతళలాడుతుంది. ఆరు నెలలు తిరక్కుండానే కిరాయిదారు ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెడతాడు.

శ్లాబు పెచ్చులూడటానికీ మూలం ఈ తడే. కాంక్రీటులోని క్షారగుణం లోపలి ఇనుప చువ్వను తుప్పు నుంచి కాపాడుతుంది. ఏళ్ల తరబడి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఇంకేకొద్దీ ఆ క్షారం తగ్గిపోతుంది. దానికి నీరు తోడైతే చువ్వకు తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెట్టింపుకు మించి చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికే కింది కాంక్రీటు పెచ్చులుగా ఊడి పడుతుంది. ఊడినచోట ఇంత సిమెంటు మెత్తి సున్నం కొట్టి పోతానన్నవాడికి పని ఇవ్వొద్దు. వదులైన కాంక్రీటంతా కొట్టేయాలి. చువ్వను తీగ బ్రష్షుతో తుప్పు పోయేదాకా గీకి, పూత వేసి, పాలిమర్ కలిపిన మోర్టార్‌తో మూయాలి. స్తంభాల్లో చువ్వ వెంబడే నిలువుగా పగుళ్లుంటే మాత్రం మేస్త్రితో తేలదు. స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిపించాల్సిందే.

ఆనాటి ఇళ్లలో నీళ్లకు వాడింది జీఐ పైపులు. ఒకటి కోయించి చూడండి. వేలు పట్టాల్సిన పైపులో తుప్పు పేరుకుని పెన్సిలు దూరడమే గగనంగా ఉంటుంది. వాటికి అతుకులు వేయించడం దండగ. మొత్తం మార్చేసి, వేడినీళ్ల లైనుకు సీపీవీసీ వేయించాలి. బాత్రూము గచ్చు తవ్వి వాటర్‌ప్రూఫింగ్ చేయిస్తే, టైల్స్ పరిచే ముందు నలభై ఎనిమిది గంటలు నీళ్లు నిలిపి కింది సీలింగ్ చూసుకోవాలి. కాంట్రాక్టరు ఆ రెండు రోజులూ కలిసొస్తాయని వద్దంటాడు. వినకండి.

కరెంటు సంగతీ అంతే. ట్యూబ్‌లైటు, ఫ్యాను, టీవీ ఉంటే చాలనుకున్న కాలంలో లాగిన తీగలవి. ఇప్పుడు రెండు కిలోవాట్ల గీజరు ఒక్కటే తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుంది, ఏసీ దానికి అదనం. ఈ రెంటికీ విడివిడిగా 4 చదరపు మిల్లీమీటర్ల తీగ, సరైన ఎర్తింగ్, ఫ్యూజుల స్థానంలో ఎంసీబీలు, వాటికి పైన, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. కిరాయిదారు ప్రాణం మీదికి రాకుండా చూసే సరంజామా ఇది. ఇందులో బేరాలు లేవు.

మొజాయిక్ గచ్చును మాత్రం పీకించకండి. దాని మీద విట్రిఫైడ్ టైల్స్ అంటిస్తే శ్లాబుకు బరువు, తలుపులన్నీ అడుగున కోయించాలి. మెషీన్ పాలిష్ పట్టిస్తే ఖర్చులో కొంతకే కొత్తదానిలా మెరుస్తుంది. వంటింట్లో కడప రాయి గట్టు పదిలంగా ఉంటే అదీ అంతే. గ్రానైటు మోజు మనదే తప్ప కిరాయిదారుది కాదు.

లెక్క ఇలా వేయండి

ఉదాహరణకు అద్దె నెలకు 15,000. మరమ్మతులకు రెండు లక్షలు పోశాక అది 17,000 అయిందనుకుందాం. పెరిగిన అద్దె ఒక్కదానితోనే ఆ డబ్బు తిరిగి రావాలంటే ఎనిమిదేళ్లు దాటుతుంది. కానీ ఇల్లు బాగుండి కిరాయిదారు ఏటా మారడం ఆగిపోయి, ఏడాదికి ఒక నెల ఖాళీ తప్పితే, అయిదేళ్లకే పెట్టుబడి చేతికొస్తుంది. పాత ఇంట్లో అసలు లాభం అద్దె పెంపులో కంటే ఖాళీ పడకపోవడంలోనే ఉంది.

పన్ను లెక్కలో ఒక తిరకాసు ఉంది. అద్దె ఆదాయం నుంచి మునిసిపల్ పన్ను తీసేశాక మిగిలినదానిలో 30 శాతం మినహాయింపునిస్తారు. మరమ్మతుకు రూపాయి పెట్టకపోయినా అంతే, లక్షలు పోసినా అంతే. అయితే పైపులన్నీ మార్చడంలాంటి పెద్ద పనుల బిల్లులు దాచుకోండి. రేపు ఇల్లు అమ్మినప్పుడు మూలధన లాభం లెక్కలో అవి అక్కరకొస్తాయి.

ఎవరు ఏ మరమ్మతు చేయించాలన్న గొడవ ప్రతి ఇంట్లో ఉన్నదే. ఓనరు చేయించాల్సిన మరమ్మతు చెప్పినా చేయించకపోతే, కిరాయిదారే చేయించుకుని అద్దెలో కోసుకోవచ్చని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే అంటోంది. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం ఇంకాస్త విడమరిచింది: రంగులు, పైపుల మార్పిడి, వైరింగ్ ఓనరు వంతు, కుళాయి వాషర్లు, స్విచ్చులు, తలుపు గడియలు కిరాయిదారు వంతు. అది మీ రాష్ట్రంలో అమల్లో ఉన్నా లేకున్నా, ఈ పంపకాన్నే పదకొండు నెలల అగ్రిమెంటులో రాసుకుంటే సగం తగువులు మొదలే కావు.

డాబా మాత్రం మీ ఒక్కరి చేతిలో ఉండదు. అది అందరి ఉమ్మడి. అసోసియేషన్‌లో పదిమంది డబ్బులేస్తేగానీ పైకప్పు కారడం ఆగదు. పై అంతస్తు ఫ్లాటు చవకగా వస్తోందంటే, ముందు ఆ అసోసియేషన్ ఖాతాలో ఎంతుందో అడగండి.

ఇల్లు చూడటానికి ఎండాకాలం వెళ్లొద్దు, నాలుగు వానలు పడ్డాక వెళ్లండి. బయానా ఇచ్చేముందు, అమ్మేవాళ్ల ఫ్లాటుతో పాటు దాని కింది ఫ్లాటు తలుపు కూడా తట్టి, వాళ్ల బాత్రూము సీలింగ్ ఒక్కసారి చూపించమనండి.