హస్కీ, మలమ్యూట్: పోలిక ఒకటే, పరిమాణం వేరు

తోడేలును గుర్తుచేసే ముఖం, నిక్కపొడుచుకున్న చెవులు, దట్టమైన బొచ్చు, కుచ్చు తోక. సైబీరియన్ హస్కీని, అలస్కన్ మలమ్యూట్‌ను పక్కపక్కన నిలబెడితే తప్ప ఏది ఏదో చెప్పడం కష్టం. పిల్లలుగా ఉన్నప్పుడు మరీ కష్టం. పెరిగాక మాత్రం వాటి మధ్య పది, పదిహేను కిలోల తేడా వస్తుంది. తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో, వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే మలంచా వంటి పేటలో, ఈ తేడా కుక్క ప్రాణానికి సంబంధించినది.

కొలత ఎక్కడ తీయాలి?

కుక్క ఎత్తును తల దగ్గర కొలవరు. తల ఎత్తితే, దించితే ఆ కొలత మారిపోతుంది. అందుకే నేల నుంచి మూపు వరకు కొలుస్తారు. అమెరికన్ కెనెల్ క్లబ్ ప్రమాణాల ప్రకారం మగ హస్కీ ఎత్తు సుమారు 53–60 సెంటీమీటర్లు, బరువు 20–27 కిలోలు. మగ మలమ్యూట్‌కు ఆదర్శమైన ఎత్తు 63.5 సెంటీమీటర్లు, బరువు 38.5 కిలోలు. ఆడవాటిలో హస్కీ బరువు 16–23 కిలోలు కాగా, మలమ్యూట్ బరువు 34 కిలోలు.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. మగవాటిలో ఎత్తు తేడా దాదాపు 12 శాతమే. ఆకారం మారకుండా ఎత్తు 12 శాతం పెరిగితే, పొడవు, వెడల్పు కూడా అంతే పెరిగి, బరువు సుమారు 40 శాతం పెరగాలి. నిజానికి మలమ్యూట్ 60 శాతం బరువెక్కువ. అంటే అది పెద్దదైన హస్కీ కాదు. దాని ఎముక లావు, ఛాతీ లోతు.

పనిని బట్టి శరీరం

ఈశాన్య సైబీరియాలోని చుక్చీ ప్రజలు తేలికపాటి బరువుతో చాలా దూరం పరుగెత్తే కుక్కలను పెంచారు. హస్కీ వాటి సంతతే. అలస్కా పశ్చిమ తీరంలోని మాలెమ్యూట్ తెగవారు నిదానంగానైనా భారీ సరుకులు లాగే కుక్కలను పెంచారు. 1925లో నోమ్ పట్టణంలో డిఫ్తీరియా ప్రబలినప్పుడు 20 మంది బండివాళ్లు, సుమారు 150 కుక్కలు వంతులవారీగా 1,085 కిలోమీటర్ల దూరం మందు చేరవేశారు. హస్కీల పేరు లోకానికి బాగా తెలిసింది అప్పుడే.

కుక్కల పరిమాణంపై ప్రభావం చూపే జన్యువుల్లో ఐజీఎఫ్1 ఒకటని 2007లో శాస్త్రవేత్తలు గుర్తించారు. చిన్న శరీరానికి తోడ్పడే దాని రూపం సుమారు 54,000 ఏళ్ల నాటి సైబీరియా తోడేలులోనూ ఉందని 2022లో తేలింది. అయితే పరిమాణాన్ని నిర్ణయించే జన్యువు అదొక్కటే కాదు.

పెద్ద శరీరం, పెద్ద వేడి

శరీరం పెరిగే కొద్దీ కిలో బరువుకు లభించే చర్మ వైశాల్యం తగ్గుతుంది. హస్కీతో పోలిస్తే మలమ్యూట్‌కు ఇది సుమారు 15 శాతం తక్కువ. మంచుదేశంలో అది వరం, వేడి త్వరగా బయటికి పోదు. ఉక్కపోత ప్రాంతంలో అదే శాపం. కుక్కకు చెమట గ్రంథులు ముఖ్యంగా పాదాల అడుగు మెత్తల్లోనే ఉంటాయి. అందుకే అది నాలుక బయటపెట్టి రొప్పుతూ, తడిని ఆవిరి చేసి ఒళ్లు చల్లబరచుకుంటుంది. బంగాళాఖాతానికి దగ్గరి గాలిలో తేమ ఎక్కువైతే ఆవిరి కావడం నెమ్మదిస్తుంది. రొప్పినా ఫలితం తగ్గుతుంది.

అంటే హస్కీకి మలంచా వేసవి హాయిగా ఉంటుందని కాదు. రెండింటికీ రెండు పొరల బొచ్చే. దాన్ని గొరిగించడం పరిష్కారం కాదు. పై పొర ఎండ నుంచి చర్మాన్ని కాపాడుతుంది, గొరిగితే మళ్లీ సరిగా పెరగకపోవచ్చు. రాలే లోపలి పొరను దువ్వి తీయాలి. నడక తెల్లవారకముందే ముగించాలి. పగలు చల్లని గది, నీళ్లు ఉండాలి. ఆగని రొప్పు, చిక్కని చొంగ, తూలడం వడదెబ్బకు గుర్తులు. శరీర ఉష్ణోగ్రత 41 డిగ్రీలు దాటితే ప్రాణాపాయం. ఒంటిపై నీళ్లు పోసి, ఫ్యాను గాలి తగిలేలా చేసి, వెంటనే పశువైద్యుని దగ్గరికి తీసుకువెళ్లాలి.

పిల్లను కొనేముందు దాని తల్లిదండ్రుల ఎత్తు, బరువు అడిగి తెలుసుకుంటే అది ఎంత పెరుగుతుందో అంచనా దొరుకుతుంది. కళ్లు కూడా కొంత చెబుతాయి. హస్కీకి నీలి కళ్లు ఉండవచ్చు, మలమ్యూట్ ప్రమాణాల్లో వాటికి చోటు లేదు. అయితే జాతి ఏదో తేలాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది: మే నెల మధ్యాహ్నం కరెంటు పోతే, ఆ ఇంట్లో ఈ కుక్కకు చల్లని చోటు ఉందా?